జైలు లోపలి విచారణ ఎవరి చేతిలో ఉండాలి?

మా వీధి మసీదు పక్కనున్న చిన్న గదిలో వారానికి రెండు సాయంత్రాలు నేనూ, మరి ఇద్దరు విశ్రాంత ఉద్యోగులూ కూర్చుంటాం. అర్జీలు రాయించుకోవడానికి జనం వస్తారు. పింఛను, రేషను కార్డు, పిల్లల ఉపకార వేతనం, ఇంటి స్థలం, ఎక్కువగా ఇవే. కొన్నేళ్ల క్రితం ఒక తల్లి వచ్చింది. ఆమె తెచ్చిన విషయం వేరు. కొడుకు ఒక చిల్లర దొంగతనం కేసులో రిమాండు ఖైదీగా జైల్లో ఉన్నాడు. ములాఖత్‌కు వెళితే కుడిచేతికి కట్టు కనిపించింది. "స్నానాల గదిలో జారిపడ్డాను అమ్మీ" అన్నాడట. ఆ మాట అంటున్నప్పుడు తల్లి వైపు కాక, పక్కన నిలుచున్న వార్డరు వైపు చూశాడట. "భాయ్‌సాబ్, వాడు అబద్ధం చెప్పేటప్పుడు నా మొహం చూడడు. చిన్నప్పటి నుంచీ అంతే" అని ఆమె ఏడ్చింది.

అర్జీ రాశాను. ఎవరి మీదా నేరం మోపలేదు. గాయం ఎలా అయిందో విచారించి తెలియజేయవలసిందిగా మాత్రమే కోరాను. మూడు నెలలకు జవాబు వచ్చింది. నాలుగు వాక్యాల ఉత్తరం. విచారణ జరిపించగా ఆరోపణ నిరాధారమని తేలినందున తదుపరి చర్య అవసరం లేదని దాని సారాంశం. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఉత్తరం చేతికి రాగానే నా కళ్లు మొదట విషయం మీదికి కాక 'సూచిక' అన్న వరుస మీదికి పోతాయి. ఆ వరుసలో రెండు కాగితాల ప్రస్తావన ఉంది. ఒకటి నా అర్జీ. రెండవది, ఆ జైలు అధికారి పంపిన నివేదిక. అంటే నా అర్జీ పైకి వెళ్లి, మెట్టు మెట్టుగా కిందికి దిగి, ఏ బల్ల మీద నుంచి జవాబు రావాలని మేము అడిగామో ఆ బల్ల మీదికే చేరింది. ఆ బల్లే తనను తాను విచారించుకుని, తనలో ఏ తప్పూ లేదని తేల్చింది.

ఆ కుర్రవాడు తర్వాత బెయిలు మీద బయటికి వచ్చాడు. దర్జీ పని నేర్చినవాడు. ఇప్పుడు కుడిచేతి రెండు వేళ్లు పూర్తిగా ముడవలేడు. ఏం జరిగిందని అడిగితే, "వదిలేయండి చాచా, రేపు బెయిలు రద్దయితే మళ్లీ అక్కడికే పోవాలి" అన్నాడు. నిజంగా జారిపడ్డాడో, ఎవరైనా కొట్టారో నాకు ఈనాటికీ తెలియదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఎవరో కొట్టారని ఆరోపించడానికి ఇది రాయడం లేదు. తెలుసుకునే దారి లేకపోవడమే నా ఫిర్యాదు.

విచారణ అధికారి అంటే ఎవరు?

జైలు లోపల సిబ్బంది మీద ఫిర్యాదు వస్తే దర్యాప్తు చేసే అధికారి అనేక దేశాల జైళ్ల వ్యవస్థల్లో ఉన్నాడు. అమెరికాలో దీనికోసం ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. మన దగ్గర జైళ్ల శాఖలో పైఅధికారి ఒకరు, తరచుగా ఆ ప్రాంతపు డి.ఐ.జి. స్థాయి అధికారి, శాఖాపరమైన విచారణ జరుపుతారు. పేరు ఏదైనా పని ఒకటే. తన శాఖవారు తప్పు చేశారా లేదా అని తన శాఖకు చెప్పవలసినవాడు అతడు.

అది తేలికైన పని కాదు. ఒక ఖైదీకి గాయమైందన్న వార్త అందగానే ఆ అధికారి ముందుగా గడియారం చూసుకోవాలి. సీసీ కెమెరా దృశ్యాలు కొన్నాళ్లకు వాటంతట అవే చెరిగిపోతాయి గనుక వాటిని వెంటనే స్వాధీనం చేసుకోవాలి. ఆ రాత్రి ఏ బ్యారక్‌లో ఎవరు విధుల్లో ఉన్నారో డ్యూటీ పట్టిక తీయాలి. గేటు రిజిస్టరు, లాకప్ లెక్క, రాత్రి గస్తీ నమోదు, వైద్యుని రిజిస్టరు, శిక్షల పుస్తకం, అన్నిటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక రిజిస్టరులో రాత్రి పది గంటలకు ఖైదీ క్షేమమని ఉండి, మరొక రిజిస్టరులో తొమ్మిదిన్నరకే ఆసుపత్రికి పంపినట్టు ఉంటే, ఆ అరగంటలోనే నిజం దాగి ఉంటుంది. కాగితాలతో జీవితం గడిపినవాడిగా చెబుతున్నాను: తర్వాత తీరిగ్గా కూర్చుని నింపిన రిజిస్టరును చూడగానే పోల్చుకోవచ్చు. నెల రోజుల నమోదులూ ఒకే సిరాతో, ఒకే చేతి ఒత్తిడితో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఉంటాయి.

ఇక సాక్షులు. జైల్లో సాక్షులు ఇద్దరే: తోటి ఖైదీలు, తోటి సిబ్బంది. ఖైదీ నిజం చెబితే విచారణ అధికారి సాయంత్రానికి తన కారెక్కి వెళ్లిపోతాడు. ఖైదీ మాత్రం ఆ రాత్రి అదే బ్యారక్‌లో, అదే వార్డరు తాళపుచెవుల కింద పడుకోవాలి. వార్డరు నిజం చెబితే రేపటి నుంచి సహోద్యోగులు అతనితో టీ కూడా తాగరు. కష్టమైన డ్యూటీలన్నీ అతనికే పడతాయి. ఇక విచారణ అధికారి స్థితి? నేడు తాను విచారించే సూపరింటెండెంటు రేపు బదిలీల్లో తనకు పైఅధికారి కావచ్చు. ఒకే శిక్షణ, ఒకే యూనిఫాం, ఒకే క్వార్టర్స్, పిల్లల పెళ్లిళ్లకు పరస్పరం రాకపోకలు. ఇన్ని బంధాల నడుమ నిలబడి నిజం రాసే అధికారి ఉంటే అతనికి నమస్కరించాలి. కానీ అలాంటివాడు దొరుకుతాడన్న నమ్మకం మీద ఒక వ్యవస్థను కట్టలేము.

నేను పనిచేసిన కార్యాలయంలోనూ క్రమశిక్షణ విచారణలు చూశాను. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో 1991లో చేసిన క్రమశిక్షణ నియమావళి ప్రకారం అభియోగ పత్రం, సంజాయిషీ, విచారణాధికారి నియామకం, సాక్షుల వాంగ్మూలం, అన్నీ పద్ధతిగానే జరిగేవి. రశీదు దొంగతనం, హాజరు పట్టీ దిద్దుబాటు వంటివి బాగానే రుజువయ్యేవి. కౌంటరు వద్ద పేదవాణ్ణి తిట్టిన ఉద్యోగి మీద ఒక్క అభియోగమైనా రుజువు కావడం నేను చూడలేదు. డబ్బు లెక్కకు కాగితం సాక్ష్యం ఉంటుంది. పేదవాని అవమానానికి తోటి ఉద్యోగే సాక్షి. ఆ సాక్షి ఎప్పుడూ ఆ సమయానికి టీ తాగడానికి బయటికి వెళ్లి ఉంటాడు. మామూలు కార్యాలయంలోనే ఇలా ఉంటే, నాలుగు నిలువుల గోడల వెనక ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

తీహార్ నుంచి వచ్చిన ఒక ఉత్తరం

ఈ దేశంలో జైలు లోపలి హింస మీద నిజమైన విచారణకు బాట వేసినది ఒక ఖైదీ ఉత్తరం. 1979లో తీహార్ జైల్లో మరణశిక్ష పడిన సునీల్ బాత్రా, తోటి ఖైదీ ఒకరిని హెడ్ వార్డరు దారుణంగా హింసించాడని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. చూడటానికి వచ్చే బంధువుల నుంచి డబ్బు రాబట్టడానికే ఆ హింస అన్నది ఆరోపణ. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించింది. జైలు అధికారుల నివేదికతో సరిపెట్టుకోలేదు. ఇద్దరు న్యాయవాదులను నియమించి, జైలుకు వెళ్లి ఖైదీని చూసి, సాక్షులతో మాట్లాడి, పత్రాలు పరిశీలించే అధికారం ఇచ్చింది. గాయానికి వేరే కారణాలు చూపే ప్రయత్నాలు జరిగాయి. బయటివారు వెళ్లి చూశారు గనుక అవి నిలవలేదు.

జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు ఉంచాలి, వాటిని తెరిచే అధికారం జైలువారికి కాక జిల్లా మేజిస్ట్రేటుకో, సెషన్స్ జడ్జికో ఉండాలి. పెట్టె జైల్లో, తాళపుచెవి బయట. మొత్తం సమస్యకు పరిష్కార సూత్రం ఆ ఒక్క మాటలో ఉంది. ఆ తీర్పు వచ్చి నలభై అయిదేళ్లు దాటింది. మీ జిల్లా జైల్లో ఆ పెట్టె ఉందా, ఉంటే చివరిసారి ఎవరు, ఎప్పుడు తెరిచారు అని అడిగి చూడండి.

ఫెల్తమ్ పాఠం

ఇంగ్లండులో జరిగిన ఒక ఘటన మన పాఠకులు తప్పక తెలుసుకోవలసినది. జాహిద్ ముబారక్ తూర్పు లండన్‌కు చెందిన 19 ఏళ్ల యువకుడు, పాకిస్తానీ మూలాలున్న ముస్లిం కుటుంబం. ఆరు పౌండ్ల విలువైన రేజరు బ్లేడ్ల దొంగతనం, ఒక కారు జోలికి పోవడం, ఈ నేరాలకు 90 రోజుల శిక్ష పడి ఫెల్తమ్ యువ నేరస్థుల కారాగారానికి వెళ్లాడు. అదే గదిలో రాబర్ట్ స్టివార్ట్ అనే మరొక యువకుణ్ణి ఉంచారు. అతడు హింసా చరిత్ర, తీవ్ర మానసిక అస్తవ్యస్తత ఉన్నవాడు. అతని ఉత్తరాల్లోని జాతి విద్వేషం జైలు సిబ్బంది దృష్టికి ముందే వచ్చింది. అయినా ఇద్దరూ ఆరు వారాలు ఒకే గదిలో ఉన్నారు. 2000 మార్చి 21 తెల్లవారుజామున స్టివార్ట్ బల్ల కోడుతో నిద్రలో ఉన్న జాహిద్ తల మీద మోదాడు. వారం తర్వాత జాహిద్ ఆసుపత్రిలో మరణించాడు. దాడి జరిగిన ఆ ఉదయమే అతడు విడుదల కావలసి ఉంది.

ఇక్కడే మన విషయం మొదలవుతుంది. జైళ్ల శాఖ తన సొంత అధికారితో అంతర్గత విచారణ జరిపించింది. న్యాయంగా చెప్పాలంటే అది కంటితుడుపు విచారణ కాదు. ఫెల్తమ్‌లో అనేక లోపాలున్నాయని, జాతి వివక్ష వ్యవస్థలోనే పాతుకుపోయి ఉందని ఆ అధికారి రాశాడు. కానీ ఏ ఒక్క ఉద్యోగి మీదా క్రమశిక్షణ చర్య సిఫారసు చేయలేదు. కుటుంబానికి ఆ విచారణలో నిజమైన పాత్ర లేదు. హంతకునికి యావజ్జీవ శిక్ష పడింది, శాఖాపరమైన విచారణ అయింది, జాతి సమానత్వ కమిషను పరిశీలన ఉంది, ఇక బహిరంగ విచారణ అవసరమేమిటి అని ప్రభుత్వం వాదించింది.

కుటుంబం ఒప్పుకోలేదు. చంపినవాడు ఎవరో మాకు తెలుసు, అతణ్ణి మా పిల్లవాడి గదిలో ఎవరు పెట్టారో చెప్పండి అన్నదే వారి ప్రశ్న. 2001లో హైకోర్టు వారి పక్షాన తీర్పునిచ్చింది. 2002లో అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చింది. 2003 అక్టోబరులో ప్రభువుల సభ న్యాయమూర్తులు కుటుంబం పక్షాన తుది తీర్పు చెప్పారు. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మనిషి మరణిస్తే జరిపే విచారణ స్వతంత్రంగా, బహిరంగంగా, కుటుంబానికి తగిన భాగస్వామ్యం ఇచ్చేదిగా ఉండాలన్నారు. లార్డ్ బింగ్‌హామ్ అలాంటి విచారణ ప్రయోజనాలను వివరించారు: పూర్తి వాస్తవాలు వెలుగులోకి రావాలి, తప్పు ఉంటే బయటపడాలి, అనుమానం నిరాధారమైతే అది తొలగిపోవాలి, ప్రమాదకర పద్ధతులు సరిదిద్దబడాలి, తమ బిడ్డ మరణం నుంచి నేర్చిన పాఠం మరొకరిని కాపాడుతుందన్న ఊరట కుటుంబానికి దక్కాలి.

తర్వాత జస్టిస్ కీత్ జరిపిన బహిరంగ విచారణ 2006 జూన్‌లో నివేదిక ఇచ్చింది. వ్యక్తులవీ, వ్యవస్థవీ కలిపి 186 లోపాలను గుర్తించింది. 88 సిఫారసులు చేసింది. అంతర్గత విచారణ పేరు పెట్టి చెప్పలేనిది ఈ విచారణ చెప్పగలిగింది. ఈలోగా 2004 నుంచి అక్కడ జైళ్లలో జరిగే ప్రతి మరణాన్నీ జైళ్ల శాఖకు చెందని ఒక అంబుడ్స్‌మన్ విచారించే పద్ధతి వచ్చింది. నిజాయితీ ఉన్న అంతర్గత అధికారి కూడా ఎక్కడిదాకా వెళ్లగలడో, ఎక్కడ ఆగిపోతాడో ఫెల్తమ్ మనకు చూపింది.

అమెరికాలోని కాలిఫోర్నియా అనుభవమూ ఇలాంటిదే. పెలికన్ బే జైలు కేసులో 1995లో ఫెడరల్ న్యాయమూర్తి థెల్టన్ హెండర్సన్ అక్కడి సిబ్బంది మితిమీరిన బలప్రయోగాన్ని తప్పుపట్టారు. అంతటితో ఆగక, అంతర్గత విచారణ విభాగం సిబ్బంది తప్పును కనిపెట్టడానికి కాక కప్పిపెట్టడానికే మొగ్గు చూపిందని తేల్చారు. తోటివాని తప్పు చూసినా నోరు విప్పకూడదన్న అలిఖిత నియమం అక్కడ ఎంత బలంగా ఉండేదో ఆ కేసు తర్వాతి దశల్లో బయటపడింది. చివరకు ఆ రాష్ట్రం ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. అంతర్గత విచారణాధికారి తన పని తాను చేస్తాడు. కానీ జైళ్ల శాఖకు లోబడని ఇన్స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఆ విచారణను జరుగుతుండగానే గమనించి, దాని మంచిచెడ్డలు బహిరంగంగా నివేదిస్తుంది. విచారించేవాడి మీద కూడా ఒక కన్ను ఉందన్నమాట.

మన చట్టం ఎక్కడ ఆగింది?

మన దేశంలో చట్టం లేదని అనలేము. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2005లో చేసిన సవరణ 2006లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పోలీసు కస్టడీలో గానీ, కోర్టు ఆదేశించిన మరే కస్టడీలో గానీ మనిషి మరణించినా, అదృశ్యమైనా, స్త్రీపై అత్యాచారం జరిగినట్టు ఆరోపణ వచ్చినా జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 196వ సెక్షను. మృతుని బంధువులకు వీలైనంతవరకు సమాచారం ఇచ్చి, విచారణ సమయంలో హాజరుగా ఉండనివ్వాలని కూడా అందులో ఉంది. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో తనకు తెలపాలని జాతీయ మానవ హక్కుల కమిషను 1993 డిసెంబరులోనే ఆదేశించింది.

కానీ జాగ్రత్తగా చదవండి. మరణం, అదృశ్యం, అత్యాచారం. చేయి విరిగితే? చెవి పగిలితే? వారం రోజులు ఒంటరి గదిలో వేస్తే? వాటికి ఆ సెక్షను వర్తించదు. అవన్నీ తిరిగి శాఖ లోపలి విచారణకే పోతాయి. అంటే బయటి న్యాయమూర్తి జైలు తలుపు తట్టాలంటే ముందు ఒక శవం లేవాలి. నేను రాసిన అర్జీ అదే బల్ల మీదికి తిరిగి వెళ్లడానికి కారణం ఒక గుమాస్తా నిర్లక్ష్యం కాదు. చట్టంలోనే ఉన్న ఈ ఖాళీ.

మరొక సంగతి. 1894 నాటి జైళ్ల చట్టం 54వ సెక్షను కింద విధి ఉల్లంఘించిన జైలు ఉద్యోగికి మేజిస్ట్రేటు వేయగల శిక్ష రెండు వందల రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. విక్టోరియా రాణి కాలంలో రెండు వందలంటే పెద్ద మొత్తమే కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2023లో కొత్త నమూనా చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం గనుక నిర్ణయం హైదరాబాదులో, అమరావతిలో జరగాలి. మన అర్జీలు కూడా అక్కడికే చేరాలి.

ఐక్యరాజ్య సమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు జైళ్ల తనిఖీ రెండు రకాలుగా ఉండాలంటాయి: శాఖ సొంత తనిఖీ ఒకటి, శాఖతో సంబంధం లేని స్వతంత్ర సంస్థ తనిఖీ మరొకటి. ఒకటి ఉంది గనుక రెండవది అక్కరలేదని అనడానికి లేదు. రెండూ ఉండాలి.

మనకెందుకు ఈ బాధ?

"మనకెందుకు? తప్పు చేసినవాడు అనుభవిస్తాడు" అనే పెద్దలు మన మధ్యనే ఉన్నారు. వారికి రెండు మాటలు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. వంద మంది పట్టే చోట అప్పుడు 131 మందిని ఉంచారు. తప్పు చేసినవాడని ఇంకా ఏ కోర్టూ తేల్చని మనిషికి జైలులో చేయి విరిగితే, అతడు దేనికి అనుభవిస్తున్నట్టు?

రెండవది, 2011 జనాభా లెక్కల్లో ముస్లింలు 14.2 శాతం. 2019 జైళ్ల గణాంకాల్లో విచారణ ఖైదీల్లో 18.7 శాతం, శిక్షపడినవారిలో 16.6 శాతం ముస్లింలు. దళితుల, ఆదివాసీల పరిస్థితీ ఇంతే. వారి వాటా కూడా జనాభాలోని వాటాను మించి ఉంది. జైలు మాన్యువళ్లలోనే కుల వివక్ష ఉందని, కులం చూసి పనులు అప్పగించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తీర్పు చెప్పవలసి వచ్చింది. ఒక పాత్రికేయురాలు పరిశోధించి వేసిన పిటిషను మీద వచ్చిన తీర్పు అది. శాఖ లోపలి విచారణలు ఇన్ని దశాబ్దాలు చూడనిది బయటి మనిషి చూసింది. కనుక ఇది ఒక్క మన సమస్య అనుకోకండి. జైలు గోడ అవతల ఉన్న పేదలందరి సమస్య. వారితో కలిసి అడిగితేనే గొంతుకు బలం.

ఇక మనవారికీ ఒక కఠినమైన మాట. జైల్లో జరిగిన ప్రతి మరణమూ హత్య కాదు. జబ్బులు ఉన్నాయి, ఆత్మహత్యలు ఉన్నాయి, ఖైదీల మధ్య గొడవలు ఉన్నాయి. వార్త రాగానే ఫోనుల్లో ఆవేశపు సందేశాలు పంపి, వారం తర్వాత మరిచిపోవడం ఆ కుటుంబానికి మేలు చేయదు. తమవారికైనా, తమకైనా వ్యతిరేకంగా వెళ్లినా సరే సత్యానికి సాక్షులుగా నిలబడమని, ఒక జనం మీది కోపం న్యాయం తప్పేలా చేయకూడదని దివ్య ఖుర్‌ఆన్ మనల్ని ఆదేశించింది. వార్డరుకు వర్తించే ఆ ఆదేశం మనకూ వర్తిస్తుంది. స్వతంత్ర విచారణ వల్ల మొదట లాభపడేది నిజాయితీగల జైలు ఉద్యోగే. శాఖవారే శాఖను నిర్దోషిగా ప్రకటిస్తే ఎవరూ నమ్మరు. తప్పు చేయని వార్డరు మీద కూడా జీవితాంతం అనుమానపు నీడ ఉంటుంది. ఆ నీడను తుడిచేది బయటివారి విచారణే.

మనం కోరవలసినవి

మొదటిది, మరణానికే కాక తీవ్ర గాయానికి కూడా బయటి విచారణ ఉండాలి. ఖైదీ ఎముక విరిగినా, గాయంతో బయటి ఆసుపత్రిలో చేరినా 24 గంటల్లో జిల్లా న్యాయమూర్తికి తెలియజేయాలి, ఆయన నియమించినవారు విచారించాలి.

రెండవది, శాఖ తరఫున విచారించే అధికారి ఆ జైలుకు, ఆ ప్రాంతానికి చెందనివాడై ఉండాలి. నిర్ణీత కాలపరిమితి ఉండాలి. తాను విచారించిన వారి కింద తిరిగి పనిచేసే పరిస్థితి రాకూడదు. ఫిర్యాదును ఎవరి మీద వచ్చిందో వారికే నివేదిక కోసం పంపడాన్ని రాతపూర్వకంగా నిషేధించాలి.

మూడవది, సీసీ కెమెరా దృశ్యాలు. పోలీసు స్టేషన్లలో దృశ్యాలను 18 నెలలు, ఏ పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకుండా భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. అదే నియమం జైళ్లకూ రావాలి.

నాలుగవది, సాక్ష్యం చెప్పిన ఖైదీకి రక్షణ. అతని ఇష్టప్రకారం వేరే జైలుకు మార్చాలి. కుటుంబానికి దూరమయ్యే చోటికి పంపి, దాన్నే రక్షణ అనకూడదు.

అయిదవది, విచారణ నివేదిక ప్రతిని కుటుంబానికి ఇవ్వాలి. నాలుగు వాక్యాల ఉత్తరం చాలదు. ఏ సాక్షులను అడిగారో, ఏ రిజిస్టర్లు చూశారో, ఎందుకు ఆ నిర్ణయానికి వచ్చారో అందులో ఉండాలి.

కుటుంబాలు చేయగలిగినవి

చట్టం మారేదాకా చేతులు ముడుచుకు కూర్చోవలసిన పని లేదు. ములాఖత్‌లో గాయం కనబడితే ఆ రోజే తేదీ, సమయం, గాయం ఏ వైపు ఎలా ఉందో కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాతి వాయిదాకు కోర్టులో హాజరుపరిచినప్పుడు మేజిస్ట్రేటు ముందు న్యాయవాది ద్వారా ఆ సంగతి చెప్పించి, వైద్య పరీక్షకు ఉత్తర్వు కోరండి. కోర్టు రికార్డులో ఎక్కిన గాయాన్ని ఏ రిజిస్టరూ చెరపలేదు. మేము ఆనాడు చేసిన పొరపాటు ఇదే. అర్జీ శాఖకు రాశాము గానీ, పక్కనే ఉన్న కోర్టుకు చెప్పలేదు. అది నా తప్పు, ఆ తల్లిది కాదు.

న్యాయవాదికి డబ్బు లేకపోతే 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మానవ హక్కుల కమిషనుకు ఫిర్యాదు ఘటన జరిగిన ఏడాదిలోగా చేరాలి. ఏడాది దాటితే వారు విచారించలేరు. సమాచార హక్కు చట్టం కింద, మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయండి.

సంఘాల పెద్దలకు ఒక విజ్ఞప్తి. జైళ్లకు అనధికార సందర్శకులుగా పౌరులను నియమించే ఏర్పాటు మన నియమాల్లో ఉంది. విశ్రాంత ఉపాధ్యాయులు, న్యాయవాదులు, ముఖ్యంగా మహిళలు ఆ బాధ్యతకు ముందుకు రావాలి, జిల్లా యంత్రాంగాన్ని అడగాలి. రంజాన్‌లో ఖైదీలకు ఇఫ్తార్ ఖర్జూరాలు పంపడం పుణ్యమే. దాంతోపాటు ఆ ఫిర్యాదుల పెట్టె తెరిచారా లేదా అని అడగడమూ పుణ్యమే. మన యువతీయువకులు జైళ్ల శాఖ ఉద్యోగాల పోటీ పరీక్షలకూ సిద్ధం కావాలి. వార్డరుగా, డిప్యూటీ జైలరుగా, రేపు విచారణాధికారిగా గోడ లోపల నిజాయితీపరులు ఉండటం ఎంత అవసరమో, గోడ బయట అడిగేవారు ఉండటం అంతే అవసరం.

ఆ తల్లి అప్పుడప్పుడూ మా గదికి వస్తుంది. ఇప్పుడు తన కోసం కాదు. జైలు గేటు దగ్గర పరిచయమైన వేరే తల్లులను వెంటబెట్టుకుని వస్తుంది. మొన్న అలా వచ్చిన ఒకామె భయపడుతూ, "రాస్తే లోపల మావాణ్ణి ఇంకా ఇబ్బంది పెడతారేమో" అంది. ఈమె ఆమె చేయి పట్టుకుని, "భాయ్‌సాబ్ ఈసారి కోర్టుకే రాస్తాడులే" అని ధైర్యం చెప్పింది. ఆ సాయంత్రం మేము కోర్టుకే రాశాము.